రెండో సంతకం

సర్వాధికారమూ తనదే అయినా మనుషుల మధ్యకు దాసుడిగా దిగివచ్చిన దేవునికి స్తోత్రం. మహమ్మారి రోజుల్లో మా ఊపిరి కాపాడినందుకు స్తోత్రం. నా గర్వాన్ని నా ఇంట్లోనే నాకు చూపించినందుకు మరీ మరీ స్తోత్రం.

ఐర్లండులోని షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక ప్లాంటులో నేను క్వాలిటీ ఇంజనీరును. ఆదివారాలు మాత్రం తొమ్మిది తెలుగు కుటుంబాల ప్రార్థన సహవాసానికి పెద్దను. నన్నెవరూ ఎన్నుకోలేదు. మొదటి కూడిక మా ఇంట్లో జరిగింది, మొదటి వాక్యం నేను చెప్పాను, అలా ఉండిపోయాను. మహమ్మారి వచ్చి కూడిక జూమ్‌లోకి మారితే అక్కడా హోస్టును నేనే.

రెండో ఏడాది ఆంక్షలు సడలుతున్నాయనగానే, వచ్చే నెల మొదటి ఆదివారం మా పెరట్లో టెంటు వేసి అందరం కూడుకుందామని ప్రకటించాను. కిల్కెన్నీలో నర్సుగా పనిచేసే ఒక సహోదరి వెంటనే అడ్డు చెప్పింది.

"అన్నయ్యగారూ, ఇంకో నెల ఆగుదామండి. మా వార్డు ఇంకా ఖాళీ అవ్వలేదు."

"భయపడితే ఎలాగమ్మా? విశ్వాసం ఉన్నవాళ్ళు వస్తారు."

"విశ్వాసం లేక కాదండీ, నేను రోజూ చూసేది..."

ఆమెను మ్యూట్ చేసి పాట ఎత్తుకున్నాను. తెర మీద ఆమె పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత ఆ గడి నల్లబడింది. నేను పాట మూడు చరణాలూ పాడాను.

తర్వాతి రెండు ఆదివారాలు ఆమె రాలేదు. డ్యూటీలు పడ్డాయేమో అన్నాను. "డ్యూటీలూ కాదు, ఏమీ కాదు. మీ వేలు చేసిన పని," అంది మా ఆవిడ.

ఆ రెండో ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుంది. అమెరికా రాజ్యాంగం మూలాలు ఎక్కడున్నాయో రాసుకురమ్మని బడిలో చెప్పారట. అది నాకు ఇష్టమైన విషయం. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

తత్వవేత్తల కంటే ముందు సంఘం ఉందని చెప్పాను. ఇంగ్లండు రాజుగారి చర్చి నుంచి విడిపోయిన చిన్న సంఘం ఒకటి ఓడెక్కి సముద్రం దాటి అమెరికా వెళ్ళింది. ఒడ్డు చేరాక, ఓడ దిగకముందే, దేవుని ఎదుట అందరం ఒక్కటిగా కట్టుబడి ఉంటామని కాగితం మీద సంతకాలు పెట్టుకున్నారు. ఆ అలవాటు వాళ్ళకు సంఘంలోనే వచ్చింది. పైన బిషప్పు లేడు, సభ్యులే ఒకరితో ఒకరు నిబంధన చేసుకుని సంఘమయ్యేవారు. ఇంకా వెనక్కి వెళ్తే సీనాయి కొండ. అక్కడ దేవుడు కూడా ప్రజల చేత సరే అనిపించుకున్నాకే నిబంధన స్థిరపరిచాడు. తర్వాత ఇంగ్లండులో ఆలోచనాపరులు, ప్రజల సమ్మతి లేని ప్రభుత్వం చెల్లదన్నారు. ఫ్రాన్సులో ఒక న్యాయాధికారి, చట్టం చేసేవాడూ అమలు చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే అయితే స్వేచ్ఛ మిగలదన్నాడు. అమెరికా వాళ్ళు ఇవన్నీ ఒకచోట చేర్చి, అధికారాన్ని మూడు భాగాలు చేశారు.

"వై త్రీ, డాడీ?"

"మనిషి పాపి కనుక. ఎంత మంచివాడైనా అంతా ఒక్కడి చేతికిస్తే పాడవుతాడు. మా ప్లాంటే చూడు. తయారుచేసినవాడే పాస్ చేయకూడదు. రెండో సంతకం వేరేవాళ్ళది ఉండాలి. నాదైనా సరే, ఒక్క సంతకంతో బ్యాచ్ గేటు దాటదు."

"గ్రాండ్," అని ఇక్కడి పిల్లల్లాగే బాగుందని మెచ్చుకుని అదీ రాసుకుంది. తర్వాత తలెత్తి, "సో హూ చెక్స్ యూ? ఇన్ ద ఫెలోషిప్?" అంది.

"దేవుడు."

"డాడీ, ద కింగ్స్ సెడ్ దట్ టూ."

స్టవ్ దగ్గర నుంచి మా ఆవిడ నవ్వింది. "రాసుకో తల్లీ, అది కూడా రాసుకో."

నిజమే, రాజులూ అదే అన్నారు. తాము దేవునికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్నారు. ఆ మాట నుంచి పారిపోయే ఆ సంఘం ఓడెక్కింది. అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఓడలో సంతకాలు పెట్టింది మగవాళ్ళేనని, రాజ్యాంగం రాసినవాళ్ళలో బానిసల యజమానులు ఉన్నారని చదివి వినిపించింది. అడగకుండా వదిలేసిన మనుషులు ఏ కాగితానికైనా ఉంటారన్నమాట. నా కళ్ళ ముందు నల్లబడిన గడి కదిలింది.

ఐర్లండు రాజ్యాంగం త్రియేక దేవుని నామంతో మొదలవుతుంది. అది తలుచుకుని పొంగిపోయేవాణ్ణి. దేవుణ్ణి తలవకుండా మొదలయ్యే అమెరికా రాజ్యాంగాన్ని చూసి పెదవి విరిచేవాణ్ణి. ఆ మధ్యాహ్నం వేరేగా తోచింది. దేవుని పేరెత్తని ఆ కాగితం, మనిషి పాపి అన్న సంగతిని నాకంటే గట్టిగా నమ్మింది. నేను ప్రతి వారం దేవుని పేరెత్తుతూనే ఒక్క సంతకంతో బ్యాచ్‌లు వదులుతున్నాను.

సాయంత్రం నర్సు సహోదరికి ఫోన్ చేశాను. "తప్పు చేశానమ్మా, క్షమించు," అన్నాను.

"క్షమించడానికేముందండి అన్నయ్యగారూ. రేపు ఇంకెవరైనా కాదంటే ఏం చేస్తారు?"

"ఈసారి వింటానమ్మా, మాటిస్తున్నాను," అన్నాను.

"మీరు మంచోరేనండి. అదే చిక్కు. మంచోరని ఎవరూ అడగరు."

తర్వాతి ఆదివారం ఆమె జూమ్‌లోకి వచ్చింది. అందరి ముందూ తప్పు ఒప్పుకుని, నేను రాసుకున్న ఒక పేజీ చదివాను. ముగ్గురు పెద్దలు, ఏడాదికోసారి ఎన్నిక, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ తలా ఒక ఓటు, ముఖ్యమైన నిర్ణయం సంఘమంతా కలిసి. నేవన్ నుంచి ఒక పెద్దాయన నొచ్చుకున్నాడు.

"ఏంటి బ్రదర్, ప్రార్థన పెట్టుకుందామంటే పార్లమెంటు పెట్టారు!"

"ఇక్కడి పార్లమెంటులో కూడా ముందు ప్రార్థనే చేస్తారంట అంకుల్," అంది నర్సు సహోదరి. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. పేజీకి అందరూ ఒప్పుకున్నారు.

మొదటి ఓటు మా పెరటి కూడిక మీదే. వెంటనే కూడుకుందామని రెండు చేతులు లేచాయి, నాదీ ఆ పెద్దాయనదీ. ఆగుదామన్నప్పుడు మా ఆవిడ చెయ్యి అందరికంటే ముందు లేచింది.

టెంటు వద్దని చెప్పడం ఒక్క ఫోను పని. ఓడిపోయి, అదే సంఘంలో కూర్చుని ఆమేన్ అనడం అంత తేలిక కాలేదు. వారమంతా వాదనలు పోగేసుకున్నాను. దేవుడు నాతోనే మాట్లాడతాడని, వాళ్ళ చేత మాట్లాడించడని నేను ఎప్పటి నుంచి నమ్ముతున్నానో వెతికితే మొదలు దొరకలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ నమ్మకం తల ఎత్తుతుంది.

అందుకే ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మమ్మల్ని కాదనేవాళ్ళను మా మధ్య నుంచి తీసివేయకు. వాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినే ఓర్పు మాకివ్వు. ఆమేన్.