చింతపండుతో తోమిన తూటాలు

మొన్న మనవరాలు సాకర్‌లో గెలిచిన కప్పు తెచ్చి చేతిలో పెట్టగానే, అలవాటు చొప్పున చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూశాను. ప్లాస్టిక్కు కదా, టకటక తప్ప మరేమీ పలకలేదు. పిల్ల ఒకటే నవ్వు. ఈ చెవే ఒకప్పుడు వాళ్ళ తాతగారిని రైఫిల్ పోటీలో గెలిపించిందని దానికేం తెలుసు!

అమెరికా వచ్చి అరోరా ఊళ్ళో కాపురం పెట్టిన కొత్తలో మా వారికి కాగితపు గురి మీద కాల్చే సరదా పట్టుకుంది. కొత్త తూటాల ధర మండిపోయేది కనుక, సైన్యం వాడి తీసేసిన ఇత్తడి తూటా గొట్టాలను సంచీల్లో తెచ్చి, వాటిలో మళ్ళీ మందు నింపుకునే విద్య క్లబ్బులో నేర్చుకున్నారు. నాకేమో భయం. పగిలిన గొట్టం ఒక్కటి కలిసినా పేలేది ఆయన కళ్ళ ముందే కదా! వద్దంటే మానే మనిషి కాదు కాబట్టి షరతు పెట్టాను: నా చేతి మీదుగా రాని గొట్టంలో మందు పడకూడదు.

ఇత్తడి సంగతి నాకొకరు నేర్పాలా? చింతపండు పులుసుతో తోమి, కడిగి, ఎండబెట్టేదాన్ని. సీసం మసి అంటిన ఆ బేసిన్ మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు. మసి వదిలాక బీటలు ఇట్టే కనబడేవి. కనబడనివాటిని, మా అమ్మ కుండ కొనేటప్పుడు చేసినట్టే, కొట్టి వినేదాన్ని. మంచిది ఖంగుమనేది, బీటపడినది బొంగురుపోయేది. ఆపైన జడపిన్ను కొస వంచి లోపలి గోడ వెంట లాగితే, అడుగు దగ్గర ఇత్తడి పలచబడినచోట తట్టుకునేది. తట్టుకుందా, పటకారుతో నొక్కేసి చెత్తబుట్టలో వేయడమే.

క్లబ్బు పోటీ ముందురోజు సంచీలో సగానికి పైగా అలా పారేశాను. మా వారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"ప్రాక్టీస్‌కి ఒక్కటీ మిగల్లేదు. రేపు మ్యాచ్‌లో ఏం షూట్ చేయమంటావ్, నీ జడపిన్నులా?"

"పాసైనవి మ్యాచ్‌కి సరిపోతాయి. ప్రాక్టీస్ నా మీద కేకలేసి చేసుకోండి" అన్నాను.

మూతి ముడుచుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం ముందేసుకుని, అందులో ఉన్నంతే మందు తూచి నింపారు. ఆయన ధ్యాస చెదరకుండా నేను టీవీ కట్టేశాను.

మర్నాడు నేనూ వెళ్ళాను. పక్క వరుసలో ఒకాయన తూటా గొట్టం పలచబడినచోట రెండుగా తెగి, సగం రైఫిల్‌లోనే ఇరుక్కుపోయింది. ఆయనకేమీ కాలేదు గానీ పోటీ అక్కడితో సరి. మా వారి తూటాలు మాత్రం చివరిదాకా ఒక్కటీ మొరాయించలేదు. గురి ఆయనదే, కాదనను, కానీ సగం గెలుపు మా ఆవిడదని ఆయనే అందరికీ చెప్పి, ఇత్తడి కప్పు నా చేతిలో పెట్టారు. నేను ఊరుకుంటానా, చెవి దగ్గర పెట్టుకుని కొట్టాను. "పాసా?" అని అడిగారు మా వారు. తలూపాను. ఆ రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇప్పుడన్నీ సీలు వేసిన డబ్బాల్లో వస్తున్నాయి. కొట్టి, విని, ఏరుకునే ఓపిక ఎవరికీ లేదు, అవసరమూ లేదు. నాకే అప్పుడప్పుడూ బెంగగా ఉంటుంది. చూపు మందగించాక మా వారు రైఫిల్ కూడా క్లబ్బుకు ఇచ్చేశారు. మనవరాలి కప్పును పాత ఇత్తడి కప్పు పక్కన సర్దుతూ, పాతదాన్ని ఓసారి గోటితో మీటాను. ఖంగుమంది.

పక్కగదిలో నిద్రపోతున్నారనుకున్న మనిషి, "పాసా?" అన్నారు.