ఘటమూ మేకపోతూ

గార్డెన్ రీచ్‌లో ఊడ్పు పనివాళ్ళ లైన్లలో దాలమ్మ ఇల్లు వెతుక్కోవడానికి ఎవరికీ అడ్రసు అక్కర్లేదు. బస్సు దిగి ముక్కు ఎటు లాగితే అటు నడిస్తే చాలు. ఆమె గుమ్మం పక్కన, మెటియాబ్రుజ్ దర్జీలు పారేసిన జీన్స్ పీలికలతో పేనిన తాడుకు నల్లటి మేకపోతు ఒకటి కట్టి ఉంటుంది. వాసన దానిదే. చుట్టుపక్కల బెంగాలీలు దాలమ్మను పాంఠా మాసి అంటారు, అంటే పోతు పిన్ని అని. పోతు పేరు బొడోబాబు. ఆఫీసులో పెద్ద గుమాస్తాలాగా రోజంతా నెమరేస్తూ కూర్చుంటుందనీ, అందరూ పని పడి దాని దగ్గరికే వస్తారనీ, ఆ పేరు పెట్టింది దాలమ్మ మొగుడు నరసయ్య. నలభై ఏళ్ళు కార్పొరేషన్‌లో చీపురు పట్టి రిటైరైన మనిషి, గుమాస్తాల సంగతి ఆయనకు బాగా తెలుసు.

లైన్లలో ఆడవాళ్ళకి మేకే ఆసరా. మొగుడి జీతం వచ్చిన దారినే పోతుంది. మేక మాత్రం ఆడదాని సొత్తు, దాన్ని అమ్మాలన్నా ఉంచాలన్నా ఆవిడదే మాట. శ్రీకాకుళం వైపు పల్లెల్లో భూమి లేని ఇళ్ళన్నీ ఇలాగే నెట్టుకొచ్చాయి. అక్కడినుంచి వచ్చినవాళ్ళు ఈ మహానగరంలో కూడా ఆ అలవాటు వదులుకోలేదు. అక్కడ గట్ల మీద గడ్డి, ఇక్కడ బజార్లో పారేసిన కాలీఫ్లవర్ ఆకులు, అంతే తేడా. పిల్ల బడి ఫీజు, అత్త కంటి ఆపరేషన్, కారే కప్పు మీదికి రేకు, ఏది కావాలన్నా ముందు దొడ్లోకి చూస్తారు.

అయితే మేక ఈనాలంటే పోతు ఉండాలి కదా. పోతును మాత్రం ఎవరూ పెంచరు. మగపిల్ల పుడితే చిన్నప్పుడే విత్తు కొట్టించి ఖాసీని చేసేస్తారు, దాని మాంసానికే గిరాకీ. పోతయితే గడ్డం మీద తనే ఉచ్చ పోసుకుని ఊపుకుంటూ తిరుగుతుంది. ఆ కంపు గోడలకీ, బట్టలకీ, పెంచేవాళ్ళ జుట్టుకీ పట్టేస్తుంది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒకతని దగ్గర పోతు ఉంది. కానీ ఎదకొచ్చిన మేకను తోలుకుని ఆడపిల్ల వెళితే, అతగాడు నవ్వే నవ్వు ఎవరూ రెండోసారి చూడాలనుకోరు. దాలమ్మ దగ్గర ఆ బాధ లేదు. ఆవిడ ఆడది, పైగా నోరున్న ఆడది. "రండమ్మా, పెళ్ళివారు రండి," అని ఆవిడే ముందు నవ్వేసి సిగ్గు పోగొట్టేస్తుంది.

ఈ దాలమ్మకు పెద్ద కోరికలంటూ లేవు. ఒక్కటే ఉంది. ఎండాకాలం మొదట్లో లైన్లలో అమ్మోరి పండగ చేస్తారు. పసుపు రాసి, వేపాకులు కట్టి, దీపం పెట్టిన ఘటాన్ని ఏటా ఒక ఇంటి ఆడది ఎత్తుకుని గడప గడపకీ తిరుగుతుంది. దాలమ్మ కొత్తకోడలుగా వచ్చిన ఏడు వాళ్ళ అత్త ఎత్తింది. ఎప్పుడూ వంగి ఊడ్చే ఆ ముసలిది ఆ ఒక్కరోజు నిటారుగా నడిచింది. వీధి వీధంతా ఆమె కాళ్ళకి నీళ్ళు పోసింది. ఆ రోజు నుంచి దాలమ్మ తన వంతు కోసం చూస్తోంది. ఇళ్ళన్నీ తిరిగి తిరిగి ఆ వంతు ఈ ఏడు వచ్చింది.

శీతాకాలంలో పక్కింటి రమాకుమారి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. కొంగు ముక్కు దగ్గర పెట్టుకోబోయి మళ్ళీ మానేసింది.

"ఒదినా, ఏటనుకోకు. అందరూ అంటన్నారు. ఘటమెత్తే మనిషి దగ్గర పోతు కంపేటని."

"మీ మేక మూడు ఈతలు ఈనింది గదా, అప్పుడు కొట్టలేదేటి కంపు?"

"అది మేక సంగతి. ఇది అమ్మోరి సంగతి."

పండగ కమిటీ పెద్ద భానుమూర్తి కూడా అదే చెప్పాడు. పోతునైనా వదులుకోవాలి, వంతైనా వదులుకోవాలి. దాలమ్మ వదులుకుంటే వంతు వరసలో తర్వాతి ఇంటిది. తర్వాతి ఇల్లు రమాకుమారిదే. ఆవిడ అందుకే వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు, అందుకు కాదని అనుకోవడానికీ వీల్లేదు.

దాలమ్మ పెద్దగా ఆలోచించలేదు. బజ్‌బజ్ అవతలి పల్లె నుంచి మేకల మేతకి పనసాకుల కట్టలు అమ్మడానికి వచ్చే మాసికి బొడోబాబును అమ్మేసింది. ఫినాయిల్‌తో గుమ్మం కడిగింది, దుప్పట్లు ఉడకబెట్టింది, సున్నం వేయించింది. నెల తిరిగేసరికి ఇంట్లో కొబ్బరినూనె వాసన, కూర వాసన విడివిడిగా తెలియడం మొదలైంది. జనం లోపలికొచ్చి కూర్చున్నారు. రమాకుమారి చాప మీద బాసింపట్టు వేసుకుని రెండు గ్లాసుల టీ తాగింది. దాలమ్మకు సంతోషంగానే ఉంది. గుమ్మం దాటినప్పుడల్లా చెయ్యి మాత్రం ఖాళీ గుంజ వైపు పోయేది.

ఇంతలో మేకలు ఎదకు రావడం మొదలైంది. ఎద ఉండేది ఒక పగలు, ఒక రాత్రి, మహా అయితే ఇంకొంచెం. అది తప్పితే మళ్ళీ మూడు వారాల దాకా లేదు. ఏక్‌బాల్‌పూర్ దాకా ఎవరు తోలుకెళతారు? మొగుళ్ళు పనికి పోయారు, ఆడపిల్లలు ససేమిరా అన్నారు. మేకలు అరిచి అరిచి వాటంతట అవే ఊరుకున్నాయి. రమాకుమారి మేకయితే రెండు ఎదలూ అరిచి ఊరుకుంది. ఈ ఈత పిల్లల్ని అమ్మి కూతుర్ని కాలేజీలో వేయాలని ఆవిడ లెక్క. ఆ లెక్క మాట ఇప్పుడు ఎవరి దగ్గరా ఎత్తడం లేదు.

పండగ మంగళవారం. ముందు శుక్రవారం పనసాకుల మాసి వచ్చింది, తట్ట దించకుండానే చెప్పింది. పల్లెలో కూడా వాసనని గొడవ చేస్తున్నారట. విత్తు కొట్టేవాడు ఆదివారం వస్తున్నాడు, బొడోబాబును ఖాసీ చేయించేస్తానంటున్నాడట వాళ్ళాయన. కావాలంటే ఆలోపు వెనక్కి తీసుకుపొమ్మంది.

"మంగళారం దాకా ఆగమను, మాసీ."

"ఆ పనివాడు మా ఊరికి మళ్ళీ ఎప్పుడొస్తాడో. మా ఆయన వినడు."

దాలమ్మ ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. పండగ అయ్యేదాకా ఎవరైనా పోతును తమ గుమ్మంలో కట్టుకుంటారేమోనని అడిగింది. పోతు తిరిగొస్తే బాగుణ్ణు అనని ఇల్లు లేదు. కట్టుకుంటానన్న ఇల్లూ లేదు.

"పండగపూట మా ఇంట్లోనా!" అంది రమాకుమారి. "నాను కూడా రేపో మాపో ఎత్తవలసిన మనిషినే గదా ఒదినా."

నరసయ్య గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. "మరో పోతు దొరకదా ఏటి?" అన్నాడు.

"ఎక్కడ దొరుకుతాది? అన్నిట్నీ ఖాసీలు సేసీసినారు గదా." ఆ మాట తన నోటితోనే అన్నాక దాలమ్మకు ఇక వేరే దారి కనబడలేదు.

శనివారం బజ్‌బజ్ రైలెక్కింది. తిరుగు రైల్లో కూరగాయల వాళ్ళ బోగీలో తట్టల మధ్య కూర్చుంది. పల్లెలో ఆమెను చూడగానే గుర్తుపట్టిన బొడోబాబు ఇప్పుడు గడ్డం తెచ్చి ఒళ్ళో రుద్దింది. పండగకని కొనుక్కున్న పసుపు చీర ఇంట్లో పెట్టెలో మడత విప్పకుండా ఉంది. ఒంటిమీది పాతచీర అప్పుడే కంపెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. దాలమ్మ ఏడ్చింది. ఘటం కోసమే ఏడ్చింది, పోతు దొరికిందని కాదు. అత్త నడిచినట్టు తను ఇక ఎన్నటికీ నడవదని ఆమెకు తెలుసు, ఆ వంతు మళ్ళీ వచ్చేసరికి ఎవరుంటారో.

భానుమూర్తి ఆదివారం వచ్చి దూరంగానే నిలబడి, "మరేటి సేత్తాం అప్పా, మాటంటే మాటే గదా," అన్నాడు. పసుపు చీర రమాకుమారికి ఇచ్చేసింది దాలమ్మ. ఆవిడ మొహమాటపడుతూనే తీసుకుంది.

మంగళవారం డప్పులు మోగాయి. రమాకుమారి ఆ చీర కట్టి, ఘటం ఎత్తి, గడప గడపకీ వచ్చింది. ఘటం నెత్తిమీద ఉన్నంతసేపూ నోరు విప్పకూడదు, అది లైన్లలో పాత కట్టుబాటు. దాలమ్మ గుమ్మం ముందు ఆగింది. గుంజకు కట్టిన బొడోబాబు పైపెదవి ఎత్తి అమ్మోరిని వాసన చూసింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

దాలమ్మ ఎవరివంకా చూడకుండా వంగి, పసుపునీళ్ళు చెంబుతో ఆవిడ కాళ్ళమీద పోసింది. లేవబోతుంటే పైనుంచి, డప్పుల చప్పుడులో, చిన్న గొంతు వినిపించింది.

"ఒదినా. మా మేక తెల్లారినకాడ్నుంచి అరుస్తన్నాది. పండగయ్యాక సాయంత్రం తోలుకొత్తాను."

దాలమ్మ తలెత్తి చూసింది. దీపం కింద రమాకుమారి మొహం చెమటతో మెరుస్తోంది, కళ్ళు మాత్రం బొడోబాబు మీద ఉన్నాయి.

"సాయంత్రం దాకా ఏటి? మీ గుంట సేతికిచ్చి ఇప్పుడే పంపించీ," అంది దాలమ్మ, చెంబులో మిగిలిన నీళ్ళు కూడా ఆ కాళ్ళమీదే ఒంపేస్తూ. "అమ్మోరయితే ఆగుతాది గానీ, మేక ఆగదు."