కుడి నుంచి ఎడమకు

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా సగమే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

2000 సంవత్సరం రాబోతున్న వైటూకే రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వచ్చాను. ఊరి శివారు కానింగ్ వేల్‌లో ఒక యూరప్ బొమ్మల కథల కంపెనీకి గోడౌనూ, దాన్ని ఆనుకుని చిన్న ఆఫీసూ ఉండేవి. వాళ్ల కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడం నా పని. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చూసినట్టుంటాయి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి షట్టర్ కింది నుంచి దూరి, విప్పిన పెట్టెల్లోని పుస్తకాల పేజీలు తిప్పేది. బొమ్మల్లోని గుర్రాలు, పిల్లలు, వానలు మెల్లగా కదులుతున్నట్టు ఉండేది.

స్టోరు చూసే ఖాదర్ అంకుల్‌ది హైదరాబాద్. యాభై దాటినవారు. కంపెనీ అప్పుడప్పుడే మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, వేయడం మొదలుపెట్టింది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇక్కడి పాఠకులకు అలవాటు లేదని, ప్రతి బొమ్మనూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి అచ్చు వేసేవారు. ఒకరోజు టీ తాగుతూ అంకుల్ నాకొక పేజీ చూపించారు. కత్తి పట్టినవాళ్లందరిదీ ఎడమచేతివాటమే.

"గిట్ల తిప్పుడు ఎందుకు బేటా? ఉర్దూ మేం కుడి దిక్కుకెల్లే చదువుతం. పిల్లలు రెండు పేజీలల్ల నేర్చుకుంటరు. ఉన్నదున్నట్టు వెయ్యమను," అన్నారు.

ఆ వారమే హెడ్డాఫీసు నుంచి సంపాదకురాలు వచ్చింది. మాంగా ఎందుకు అమ్ముడుపోవడం లేదని మీటింగులో అడిగింది. నేను ఆ మాట చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. మరిచిపోయానా? లేదు. నీకెలా తట్టింది అని ఆమె అడిగినప్పుడు ఆయన పేరు నా నోటిదాకా వచ్చింది. కానీ గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, నా కాంట్రాక్టు మూడు నెలల్లో అయిపోతుంది, ఆ చూపుల్లో ఒక్క క్షణం ఉందామనుకున్నాను, ఆ క్షణం అలాగే సాగిపోయింది.

పుస్తకాలు తిరగేయకుండా వచ్చాయి. బాగా అమ్ముడయ్యాయి. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. అది తన మాటేనని వాళ్లకు తెలుసా అని అంకుల్ ఒకసారి అడిగితే, చెప్పానన్నాను. ఆయన ముఖం వెలిగింది.

ఏడాది తర్వాత గోడౌన్ సిడ్నీకి మార్చారు. కొందరినే తీసుకెళ్తామన్నారు. వాళ్లలో అంకుల్ లేరు. చివరి రోజు ఆయన సామాను కారు దాకా తెచ్చిపెట్టాను.

"గా ముచ్చట నాదని నిజంగ చెప్పినవా బేటా?"

"చెప్పాను అంకుల్. మీటింగ్‌లోనే చెప్పాను."

ఆయన కారెక్కి కూర్చున్నారు. "తెల్సి గూడ వద్దన్నరంటే, ఇగ నా పనితనం గంతే అన్నట్టు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మేనేజరు లోపలే ఉన్నాడు. పదడుగుల దూరం. నేను కారు తలుపు వేశాను.

తర్వాత ఆయన మెల్‌బోర్న్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు. అక్కడే పోయారని చాలా కాలానికి తెలిసింది.

ఈమధ్య కంపెనీ తన చరిత్రను పుస్తకంగా తెచ్చింది. మాంగాను తిరగేయకుండా వేయడం పెర్త్‌లోని ఒక ప్రోగ్రామర్ సలహాతో మొదలైందని అందులో ఒక పేరా. పక్కన నా ఫొటో. దిద్దమని నిన్న ఉత్తరం రాశాను. ఆయన లేరు కాబట్టే ధైర్యం వచ్చిందా? అవుననే అనుకుంటున్నాను. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

ఆ సలహా నాది కాదు, ఖాదర్ అంకుల్‌ది. ఇలా రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతే.