సలాం చూసిన జీపులు

జమ్మలమడుగు దగ్గరి సున్నపురాతి కంపెనీలో గేటు కాసే అబ్దుల్ సలాంకు, చూసినదాన్ని మింగడం చిన్ననాడే అలవడింది. పులివెందులలో పంక్చర్లు వేసే అతని తండ్రి, ఒక హత్య జరిగిన రోజున ఎవరి జీపు వచ్చిందో పోలీసులకు చెప్పి, మరునాటి సాయంత్రం ఇల్లు చేరలేదు. ఇంటికి రాని ఆ తండ్రి సలాం గొంతులో కాపురం పెట్టాడు.

ఒక ఉదయం ఆ గేటులోకి ప్రభుత్వ జీపులు వచ్చాయి. అనుమతి లేని నేలలో కంపెనీ రాయి తవ్విందని విచారణ. అధికారులు కాగితాల మూటలు కట్టుకొని పోయారు.

"ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?" అన్నాడు మేనేజరు.

"ఎవురూ రాలేదంటా సార్."

"విచారణంటే నేరం కాదయ్యా. తేలకముందే చాటితే వాటాల ధర పడిపోతుంది. అది మాత్రం వాటాదారులకు మేలా?"

ఆ మాటలో న్యాయముందని సలాం తనను తాను నమ్మించుకున్నాడు.

ఆ వారమే కంపెనీ కొత్త వాటాలు అమ్మకానికి పెట్టింది. భర్త పోయాక ఒంటిచేత్తో గొర్రెలమందను పెంచిన పొరుగింటి గురవమ్మ, గోడ మీదుగా పిలిచింది.

"ఏమప్పా సలామూ! మోకాళ్లు సచ్చిపాయ, గొర్రెల ఎనక తిరగలేను. మందను సంతలో అమ్మేసి, పొద్దుటూరికి పోయి మీ కంపెనీ వాటాలు కొంటాండా. జీపులొచ్చినాయంటాండారే, ఏందది?"

సలాం గొంతులో తండ్రి కదిలాడు.

"ఏమీ లేదక్కా. పార్టీవోళ్ల జీపులు. ఎలక్షన్లు కదా."

"అంతేనా! మీ మేనేజరుకు పెండ్లిచూపులేమో అనుకుంటి" అని ఆమె నవ్వింది. జీపులు కనబడితే పార్టీలవేననుకోవడం ఆ సీమలో అందరికీ అలవాటే. ఆమె నమ్మింది.

విచారణ సంగతి పత్రికలకెక్కేసరికి గని మూతపడింది, వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. ముందుగా చెప్పి తీరాలన్న నిబంధన తమకు లేదని, ప్రొద్దుటూరులో నిలదీసినవారికి కంపెనీ వకీలు జవాబిచ్చాడు. గురవమ్మ బస్సు దిగి, నేరుగా సలాం గుమ్మంలోకి వచ్చింది.

"రోగమొచ్చిన గొర్రెను దాపెట్టి అమ్మితే మా కులంలో తప్పు కట్టిస్తారప్పా. కొనేటోడు అడగకపోయినా చెప్పాల. కంపెనీకి ఆ కట్టు లేదంట, సరే. నేను అడిగితి కదా, నీకూ లేదా?"

"మా నాయన..."

"తెలుసు. నువ్వు చెప్పింటే నేనెవురికి చెప్పింటా? గొర్రెలకా? అవీ లేకపాయ."

ఆమె వెనుదిరిగింది. తన దొడ్డిలోకి పోయి, మంద లేని తడికెను ఊడదీసి, పొయ్యిలోకి విరవసాగింది. భార్య జరీనా పెట్టిన అన్నం ముందు కూర్చున్న సలాం, కర్ర విరిగిన ప్రతిసారీ ముద్ద దించి, గుమ్మం వైపు చూశాడు.