అమ్మ కారు సరదా

మా చిన్నప్పుడు... కాటన్‌పేటలో నాన్న కారు రిపేరు షెడ్డుకి చప్పుడు చేసే కారు వస్తే చాలు, అమ్మ పొయ్యి మీద పని వదిలేసి వచ్చి వెనక సీట్లో కూర్చునేది. నాన్న తోలేవాడు, కారు ఓనరు పక్కన. రోడ్డు మీద నాలుగు హంపులు, అదే స్పీడ్ బ్రేకర్లు, ఎక్కించి దించి, వెనక్కొచ్చి, సరిగ్గా చప్పుడు వచ్చే చక్రం దగ్గరే జాకీ పెట్టేవాడు నాన్న.

"చెవంటే ఈయనదప్పా!" అనేవాళ్లు పేటలో.

అమ్మకి కారు పిచ్చి అని వీధంతా నవ్వేది... నేనూ నవ్వేదాన్ని. హంపు దగ్గర ఆమె సీటు సందులోంచి నాన్న వీపు మీద వేలితో తట్టేది. ఒకసారి, రెండుసార్లు... అదేదో వాళ్లిద్దరి ముచ్చట అనుకున్నాను.

ఒకరోజు అమ్మకు జ్వరం. ఆమె చోట్లో నేనెక్కాను. హంపు రాగానే సరదాగా నాన్న వీపు ఎడమ పక్క ఒకసారి తట్టాను. అమ్మ నేర్పి పంపిందనుకున్నాడు పాపం... ముందరి ఎడమ చక్రం ఊడదీసి గంటసేపు వెతికాడు. ఏమీ లేదు.

"వెనకాల అంత చప్పుడు వస్తా ఉండాది... నీకు వినపడలేదా అప్పా?" అన్నాడు ఓనరు.

నాన్న ముఖం పాలిపోయింది. అప్పుడర్థమైంది నాకు. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య బతికిన నాన్నకు, ఎదురుగా నిలబడి మాట్లాడితే తప్ప వినపడదు! ఎడమా కుడీ, ఒక తట్టుకు ముందూ రెండు తట్లకు వెనకా... అన్నీ అమ్మ వేలే చెప్పేది. ఈ సంగతి పొక్కితే షెడ్డుకి ఒక్క కారు రాదు.

ఓనరు మాట విని అమ్మ దుప్పటి కప్పుకునే ఇంట్లోంచి వచ్చింది. "ఇంకో రౌండు పోయొద్దాం రాండి సార్, నాకూ గాలి తగిలినట్లుంటాది" అంది. ఈసారి కుడి పక్క రెండు తట్లు. వెనక కుడి చక్రం విప్పితే, అరిగిన రబ్బరు బుష్ పొడిపొడిగా రాలింది. ఓనరు చల్లబడ్డాడు.

ఆ సాయంత్రం నేను ఏడుస్తుంటే నాన్న తల నిమిరి ఒక్కటే అన్నాడు... "తట్టమ్మా. అయితే విన్నాంక తట్టు."

మొన్న సర్జాపుర రోడ్డులో నా కారు కుయ్‌కుయ్‌మంది. సర్వీసు వాళ్లు కంప్యూటర్ తగిలించి "ఏమీ లేదు మేడమ్" అన్నారు. తిరిగొస్తూ హంపు ఎక్కించాను... విన్నాను... పక్కనున్న నాన్న కుడి భుజం ఒకసారి తట్టాను.

ఆయన ఉలిక్కిపడి వెనక సీటు వైపు చూశాడు. అమ్మ పోయి రెండేళ్లయింది.

తిరిగి నా వైపు చూసి, "ముందర కుడిపక్క గదా... విన్నాంకనే తట్టినావా?" అన్నాడు.

ఇప్పుడు నాన్న చెవికి మంచి మిషనే కొనిచ్చాను. పెట్టుకోడు... మీ ఇంట్లోనూ ఒకరి లోటును ఇంకొకరు ఇలా గుట్టుగా మోసినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి రాయండి... నాన్నకు చూపిస్తాను.