ప్యాకింగ్ లైన్ ఆగిన శనివారం

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన మొదటి దశాబ్దం చివర్లో, నేను బెంగళూరులో స్టోరేజ్ యంత్రాలు అమ్మే ఒక కంపెనీలో సపోర్ట్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. మారతహళ్ళిలో ఒక లేడీస్ పీజీలో ఉండేదాన్ని. మా యంత్రాలు చూడ్డానికి పెద్ద పెట్టెల్లా ఉండేవి. ఒక ఫ్యాక్టరీలోని సర్వర్ల సమాచారమంతా వాటిలోనే ఉంటుంది. వాటిని జంటగా పెడతారు. ఒకటి నిలిచిపోతే రెండోది దాని పని కూడా నెత్తినేసుకుంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ మార్చడానికి ఫ్యాక్టరీని ఆపక్కర్లేదు. మొదటి పెట్టె పనిని రెండోదానికి అప్పగించి మొదటిదాన్ని అప్‌గ్రేడ్ చేస్తాం, ఆ తర్వాత అటుది ఇటు. "పని ఒక్క నిమిషం కూడా ఆగదు" అని కస్టమర్లకు చెప్పేవాళ్ళం. 

ఆ శనివారం బొమ్మసంద్రలో ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అంతకుముందు నాలుగైదు అప్‌గ్రేడ్లు మా సీనియర్ పక్కన కూర్చుని చేశాను. ఒంటరిగా వెళ్ళడం అదే మొదలు. హోసూరు రోడ్డులో బస్సు నాలుగడుగులు కదిలి ఆగుతోంది. ఒళ్ళో చెక్‌లిస్ట్ పెట్టుకుని చదివిందే చదువుతున్నాను. "ప్రతి సర్వర్ నుంచీ రెండు పెట్టెలకూ కేబుళ్ళు ఉన్నాయా?" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళు ఆగిపోతున్నాయి. అక్కడ పదకొండు సర్వర్లు. పదింటి రిపోర్టులు చూశాను. పదకొండోది రాలేదు. ఫ్యాక్టరీ కంప్యూటర్ల ఇన్‌ఛార్జికి ఫోన్ చేస్తే "అన్నీ ఉండాయమ్మా, నేనే వేయించినా" అన్నాడు. టిక్కు పెట్టేశాను. వెళ్ళగానే నా కళ్ళతో చూసుకుందామని బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వెళ్ళేసరికి గంట ఆలస్యమైంది. ఇన్‌ఛార్జి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళది ఆనేకల్ పక్కన ఊరు, ఇంట్లో తరతరాలుగా తెలుగే. నాది అనంతపురం అని ఫోన్‌లో తెలిసినప్పటి నుంచీ నాతో చనువుగా మాట్లాడేవాడు.

"బస్సులో వస్తివా? ఆటో పట్టుకోకూడదా తల్లీ. ప్రొడక్షన్ మేనేజరు రెండుసార్లు అడిగినాడు. బిరబిరా మొదలుపెట్టు" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. పదకొండో సర్వర్ సంగతి మర్చిపోలేదు. గుర్తుండే వదిలేశాను. అది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మొదటి పెట్టె తన పనిని రెండోదానికి అప్పగించింది. తెరమీద ఒక్కో వరుసా పడుతోంది.  కుర్చీ వేశారు గానీ కూర్చోలేకపోయాను. మొదటి పెట్టె కొత్త సాఫ్ట్‌వేర్‌తో లేస్తోందని తెరమీద కనిపించిన నిమిషానికే గోడమీద ఫోన్ మోగింది.

ఇన్‌ఛార్జి ఎత్తి విన్నాడు. పెట్టేసి నావైపు తిరిగాడు.

"ప్యాకింగ్ లైన్ నిలిచిపోయిండాదంట. లేబుళ్ళు అచ్చు కాలేదంట."

మందు డబ్బాలమీద బ్యాచ్ నంబరు వేసే సర్వర్ అది. పదకొండోది. అది ఆగితే మాత్రలు తయారవుతూనే ఉంటాయి, డబ్బాల్లోకి మాత్రం వెళ్ళవు.

పనిని మళ్ళీ మొదటి పెట్టెకు ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. అది లేచేదాకా పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో ప్రొడక్షన్ మేనేజరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎష్టు హొత్తు?" అని అడిగాడు కన్నడంలో, ఎంతసేపని. పది నిమిషాలన్నాను. ఆ పది ఎక్కడినుంచి తెచ్చానో నాకే తెలియదు. మొదటి పెట్టె లేచాక, పని తిరిగి తీసుకోమని కమాండ్ ఇచ్చాను. కుదరదని తెరమీద పడింది. రెండో పెట్టెనుంచి టేపు మీదికి బ్యాకప్ నడుస్తోంది, అది ముగిసేదాకా పని వదలదు.

"బ్యాకప్ ఆపలేదా సార్?"

"శుక్రవారం రాత్రిదే కదమ్మా, పొద్దునకి అయిపోయింటాదిలే అనుకుంటి."

ఆ టేపు ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుందో చెప్పలేం. ఒక దారి ఉంది. బ్యాకప్ ఏమైనా కానీ అని, పనిని బలవంతంగా లాగేసుకోవచ్చు. ఆ కమాండ్ టైప్ చేశాను కూడా. చివరి మీట నొక్కలేదు. మా సీనియర్‌కు ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"మిగతా పది సర్వర్లు నడుస్తున్నాయా?"

"నడుస్తున్నాయి."

"అయితే సమాచారానికి ఏమీ కాలేదు. ఆ ఒక్కదానికే దారి దొరకట్లేదు. టైప్ చేసింది చెరిపేసి, పోయి దారి చూడు."

ఇన్‌ఛార్జి మాత్రం నా వెనకే నిలబడి "నొక్కేయమ్మా, బ్యాకప్ పోతే పోనీ, లైన్ కదలనీ" అంటున్నాడు. నేను చెరిపేశాను. సర్వర్ల బీరువా వెనక్కి వెళ్ళి నేలమీద కూర్చున్నాను. టార్చి పట్టుకోమంటే ఆయనా మోకాళ్ళమీద కూర్చున్నాడు. లేబుళ్ళ సర్వర్ అన్నిటికంటే కింద ఉంది. దాని వెనక నారింజరంగు కేబుళ్ళు రెండు. ఒకటి పట్టుకుని వెళితే మొదటి పెట్టెకు చేరింది. రెండోది పట్టుకుని వెళితే, బీరువా పక్కన చుట్టచుట్టి టేపుతో కట్టేసి ఉంది. దాని కొస ఎక్కడా పెట్టి లేదు. రెండో పెట్టెలో అది ఉండాల్సిన చోట ఇంకో కేబుల్ ఉంది.

టార్చి వెలుతురు కదిలింది. ఆయన దాన్ని నేలమీద పెట్టాడు.

"నేనే పీకితిని" అన్నాడు మెల్లగా. "ఎండాకాలంలో టెస్టింగ్‌కని కొత్త మిషన్ వచ్చె. చోటు లేకపాయె. రెండు రోజులే కదా అని పీకి దానికి పెడితిని. మళ్ళా పెట్టేది మర్చిపోతిని."

 ఆయన మర్చిపోయి చేశాడు, నేను తెలిసి చేశాను.

టెస్టింగ్ మిషన్ కేబుల్ తీసి ఆ చుట్ట విప్పి పెట్టాం. పచ్చ దీపం వెలిగింది. లేబుళ్ళ సర్వర్‌ను ఒకసారి ఆపి మొదలుపెడితే దానికి పెట్టెలోని డిస్కులు కనిపించాయి, లేబుళ్ళు మళ్ళీ అచ్చయ్యాయి. లైన్ మొత్తం నలభై నిమిషాలు ఆగింది.

పని అక్కడితో అయిపోలేదు. ఒక పెట్టెలో కొత్త సాఫ్ట్‌వేర్, ఇంకోదానిలో పాతది. అలా వదిలేసి ఇంటికి వెళ్ళడానికి లేదు. బ్యాకప్ ముగిసి, మొదటి పెట్టె తన పని తిరిగి తీసుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. క్యాంటీన్‌లో అన్నంసాంబారు పెట్టారు. రెండు ముద్దలు తిని లేచి పదకొండు సర్వర్ల కేబుళ్ళూ చేత్తో పట్టుకుని చూసుకున్నాను. రెండుసార్లు చూశాను. ఆ తర్వాత రెండో పెట్టె వంతు. ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోడేమో అనుకున్నాను. ఇన్‌ఛార్జే వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఏం చెప్పాడో అప్పుడు నాకు తెలియదు.

"నేను ప్యాకింగ్ హాల్లో నిలబడి ఫోన్ పట్టుకోనుంటా. నువ్వు కానీ" అన్నాడు.

నేను కమాండ్ ఇచ్చాను. ఫోన్ చెవికి ఆనించుకుని తెరముందు నిలబడ్డాను. అటువైపు బెల్టు తిరిగే చప్పుడు, దానిమీద ఆయన గొంతు.

"తిరగతా ఉండాది."

కాసేపాగి మళ్ళీ, "తిరగతా ఉండాదమ్మా." ఎవరో ఏదో అడిగినట్టున్నారు. "ఏమీ లేదప్పా, నీ పని నువ్వు చూసుకో" అని వాళ్ళకు చెప్పి, మళ్ళీ నాతో, "తిరగతానే ఉండాది."

పెట్టె లేచి తన పని తాను తీసుకునేదాకా ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. బెల్టు ఆగలేదు.

సాయంత్రం అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను. ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని నా వేళ్ళవైపే చూస్తున్నాడు.

"కేబుల్ సంగతి రాస్తావా అమ్మా?"

"రాయాలి సార్. చూడకుండా టిక్కు పెట్టింది నేనని కూడా రాస్తున్నాను."

"రాసెయ్. నేను మధ్యాహ్నమే మేనేజరుకి చెప్పేసినా. తిట్టినాడు. సరి, తిట్టనీ."

సోమవారం మా మేనేజరు రిపోర్టు చదివి నన్ను తిట్టలేదు. మూడు నెలలు నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు, అంతే. ఆ మూడు నెలలూ సీనియర్ పక్కనే ఉన్నాను గానీ, ఎక్కడా కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్న గుర్తు లేదు.