ఫక్రుద్దీన్ కూతురి కొలతలు

పెనుకొండలో పరుపులు కుట్టే ఫక్రుద్దీన్ నోరు తెరిస్తే కోటగోడ కూడా సర్దుకుని కూర్చుని వినాల్సిందే. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్న హిందూపురం పెళ్లికొడుకు మూడో రోజుకు గానీ లేవలేదంట. "బిందెడు నీళ్లు కుమ్మరిస్తే పరుపు తడిసింది గానీ వాడు కదల్లేదబ్బా!" అంటాడు. కోతలని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ లేచి వెళ్లరు.

అంతటి మనిషి మొన్న బడిలో ప్లాస్టిక్ కుర్చీ మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కూతురు ఫిర్దోస్ మూడో తరగతి. మాటల్లో నాయన్నే మించింది. అక్షరాలు మాత్రం నిలవవు. నెలంతా దిద్దిన మాట మర్నాటికి కొత్తదే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే రేఖ టీచరు ఆ పిల్ల ఒక్కదానికోసమే ఒక ప్లాను రాస్తోంది: ఏం వచ్చు, ఏం రాదు, ఏడాదిలో ఎంత నేర్పాలి, ఎవరు ఏం చేయాలి.

"ఇంట్లో చదువుతాందా అన్నా?"

"చదవడమా మేడం! పేపరు మొత్తం నమిలేస్తాది. పేపరు వేసేటోడు మా ఇంటికి రావాలంటేనే భయపడతాండాడు."

రేఖ పెన్ను ఆగింది. "సరే, అదే రాస్తా. అప్పుడు నా దగ్గర విడిగా పాఠం అక్కర్లేదు. ముప్పై మందిలో వెనక కూర్చుంటాది."

ఫక్రుద్దీన్ నవ్వు సగంలో ఆరిపోయింది. 'రాదు' అని రాస్తే ఆ మాట పిల్లకు జీవితమంతా అంటుకుంటుందేమోనని ఆయన దిగులు.

"అన్నా, నాలుగడుగుల మంచాన్ని ఆరడుగులని ఎవరన్నా చెప్తే?"

"వాని మాట ఎవరు నమ్ముతారు మేడం? నేనే పోయి టేపు పెడతా. లేకుంటే పరుపు యాడికో వేలాడి..." అంటూనే ఆగిపోయాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"రాసుకోండి. తన పేరు రాస్తాది. రెండక్షరాల మాటలు చదువుతాది, అంతే. ఇంకా చదవమంటే కడుపునొప్పి అంటాది."

"ఏం బాగా చేస్తాది?"

"దబ్బనం పట్టిందంటే కుట్టుకూ కుట్టుకూ మధ్య జానెడు కొలత తప్పదు. ఇది మాత్రం కోత కాదు మేడం."

రేఖ నవ్వుతూ రాసింది. లావు దారంతో గుడ్డ మీద కుట్టిన అక్షరాలను వేలితో తడిమి నేర్చుకోవాలి. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించాలి. ఇంట్లో రోజూ పది నిమిషాలు. అక్షరాలు కుట్టే పని నాయనది.

"మూడు నెలలకు మళ్లీ టేపు పెడదాం. చాలకపోతే మారుస్తాం."

ఆ సాయంత్రం టీ అంగడిలో ఫక్రుద్దీన్ గొంతు మళ్లీ లేచింది. "నా కూతురు ఒక్కదానికే గవర్నమెంటు పుస్తకం రాసిందబ్బా!"

"ఎన్ని పేజీలు మామా, వెయ్యా?" అని గెలికాడు టీ పోసే గిరి.

ఫక్రుద్దీన్ నోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆగాడు.

"రెండు," అన్నాడు. "కానీ కొలత తప్పలేదు."